లా కాలేజీలో రబ్బీ పాఠం ఏంటి? లిక్టెన్‌స్టైన్ గురించి తెలిసినవాళ్లు ఉన్నారా?

ఎడిసన్_వేణు
అందరికీ నమస్కారం. మా పెద్దమ్మాయి లా రెండో ఏడు, రోజూ న్యూజెర్సీ నుంచి న్యూయార్క్‌కి రైల్లో వెళ్లొస్తుంది. ఈ సెమిస్టర్‌లో ఎలెక్టివ్‌గా యూదు న్యాయశాస్త్రం తీసుకుంది. టాక్సేషన్ తీసుకోమ్మా, రేపు ఉద్యోగానికి పనికొస్తుంది అని నెత్తీ నోరూ కొట్టుకున్నా వినలేదు. పాఠం చెప్పేది ఒక రబ్బీ, గడ్డం, తల మీద చిన్న టోపీ, అన్నీ ఉన్నాయట, దానికి తోడు పీహెచ్‌డీ కూడా. మొదటి వారమే ఒక వ్యాసం చదివి రమ్మన్నాడు. రాసింది రబ్బీ ఆహరోన్ లిక్టెన్‌స్టైన్ అని ఇంకొకాయన, 1975 నాటిది. అందులో ప్రశ్న ఏంటంటే, హలఖా అంటే వాళ్ల ధర్మశాస్త్రం, దాని పరిధిలోకి రాని నీతి అంటూ వేరే ఒకటి ఉందని యూదు సంప్రదాయం ఒప్పుకుంటుందా అని. నిన్న రాత్రి భోజనాల దగ్గర మా ఇంట్లో ఇదే రచ్చ. నాకు అర్థం కానివి రెండు. ఒకటి, పూజారి లాంటాయన లా కాలేజీలో పాఠం చెప్పడమేంటి. రెండు, ఈ లిక్టెన్‌స్టైన్ హార్వర్డ్‌లో పీహెచ్‌డీ చేసింది ఇంగ్లిష్ సాహిత్యంలోనట, అలాంటాయన న్యాయం గురించి రాస్తే వీళ్లంతా ఇంతలా ఎందుకు చదువుతున్నారు? తెలిసినవాళ్లు చెప్పండి.

బెజవాడ_వకీలు
వేణు గారూ, ముందు మొదటిది తేల్చేద్దాం. రబ్బీ పూజారి కాదు. యెరూషలేములో వాళ్ల గుడి ఉన్న రోజుల్లో బలులు అర్పించినవాళ్లు వేరు, వాళ్లని మన తెలుగు బైబిల్లో యాజకులు అంటారు, అది వంశపారంపర్యం. రబ్బీ అంటే బోధకుడు. చదువుకుని, గురువు దగ్గర "సెమిఖా" అనే అనుమతి తెచ్చుకున్నవాడు. ఈ వంటకం తినొచ్చా, ఈ ఒప్పందం చెల్లుతుందా, ఈ విడాకుల పత్రం సరిగ్గా ఉందా అని ఊళ్లోవాళ్లు అడిగితే తీర్పు చెప్పగలిగినవాడు. అంటే మన లెక్కలో పురోహితుడి కన్నా వకీలుకీ జడ్జికీ దగ్గర. అందుకే లా కాలేజీలో రబ్బీ ఉంటే వింతేమీ లేదు.

వాళ్ల చదువు తీరు చూస్తే నాకు మన పాత పద్ధతే గుర్తొస్తుంది. తల్ముద్ అంటే పాతకాలం రబ్బీలు ధర్మం మీద చేసిన చర్చల గ్రంథం. దాని పేజీ తీస్తే నడి మధ్యలో మూలం ఉంటుంది, ఒక పక్క రాషీ అనే మధ్యయుగ పండితుడి వ్యాఖ్య, ఇంకో పక్క తోసఫోత్ అని రాషీ మనవలు, వాళ్ల శిష్యులు రాసిన ఆక్షేపణలు. యాజ్ఞవల్క్య స్మృతికి మితాక్షరం ఉన్నట్టు, ఆ మితాక్షరాన్ని మన కేతన 13వ శతాబ్దంలో తెలుగు చేసినట్టు, ఒకదాని మీద ఒకటి పేరుకుంటూ పోతాయి. తేడా ఏంటంటే మన దగ్గర అది లైబ్రరీల్లో ఉండిపోయింది, వాళ్లు ఇప్పటికీ రోజూ కూర్చుని దాని మీద కొట్లాడుకుంటారు. రోజుకో ఆకు చొప్పున చదివితే 2,711 ఆకులు, ఒక చుట్టు పూర్తవడానికి ఏడున్నరేళ్లు.

కిట్టు_కాకినాడ
అంతా బానే ఉంది గానీ మతం చెప్పేవాడు నీతి పాఠం చెబితే చివరికి "మా పుస్తకంలో ఉంది కాబట్టి కరెక్టు" అనే కదా అంటాడు? దానికి మళ్లీ యూనివర్సిటీ, ఫీజు, పీహెచ్‌డీ. అమ్మాయి టాక్సేషన్ తీసుకుని ఉంటే బాగుండేది అన్నది నా ఓటు 😀

పద్మ_లాస్ఏంజిలస్
కిట్టూ, ఆ వ్యాసంలో ఆయన వేసుకున్న ప్రశ్న సరిగ్గా నువ్వు అడిగిందే. పుస్తకంలో ఉన్నదే నీతా, పుస్తకం లేకపోయినా నీతి ఉంటుందా? తల్ముద్‌లోనే రబ్బీ యోహానాన్ మాట ఒకటి ఉంది: తోరా (దేవుడు మోషేకి ఇచ్చిన ధర్మశాస్త్రం) ఇవ్వకపోయి ఉంటే మనం సిగ్గు మర్యాద పిల్లి దగ్గర, ఒకరి సొత్తు ముట్టకూడదని చీమ దగ్గర, పాతివ్రత్యం పావురం దగ్గర నేర్చుకునేవాళ్లం అని. మరి చీమ ఏ పుస్తకం చదివింది? సంప్రదాయానికి కట్టుబడిన రబ్బీ అయ్యుండి లిక్టెన్‌స్టైన్ ఇలాంటి మాటల్ని దాచిపెట్టడు, ముందుకు తెచ్చి వాటితోనే తేల్చుకుంటాడు. ఆయన రాత కష్టం, ఒక్కో వాక్యం రైలు బండంత, అది మాత్రం ముందే చెబుతున్నా. సాహిత్యం పీహెచ్‌డీ ప్రభావం అనుకుంటా.

ఆయన బతుకు గురించి నాకు తెలిసింది చెబుతా. పుట్టింది 1933లో పారిస్‌లో. యుద్ధంలో ఫ్రాన్స్ పడిపోయాక కుటుంబానికి అమెరికా వీసా దొరికింది, మార్సేలో ఉన్న హైరమ్ బింగమ్ అనే అమెరికన్ వైస్ కాన్సుల్ పైవాళ్ల మాట కాదని చాలామందికి వీసాలు ఇచ్చాడు, వాళ్లలో వీళ్లూ ఉన్నారు. ఆ సంతకం పడకపోతే ఈ వ్యాసమూ లేదు, వేణు గారింట్లో రచ్చా లేదు. న్యూయార్క్‌లో యెషీవా యూనివర్సిటీ, తర్వాత హార్వర్డ్. 1957లో, ఇరవై నాలుగేళ్లకే డాక్టరేట్, 17వ శతాబ్దపు ఆంగ్ల తత్త్వవేత్త హెన్రీ మోర్ మీద. ఆ మోర్ క్రైస్తవుడు, బుద్ధితో ఆలోచిస్తే దైవం అందుతుంది అనే బాపతు. ఒక యూదు కుర్రాడు ఏరికోరి ఈ మనిషిని పట్టుకున్నాడంటే మతమూ తర్కమూ ఎక్కడ కలుస్తాయి అనే దురద అప్పటికే ఉందన్నమాట. హార్వర్డ్‌లో ఉంటూనే పక్కనే బోస్టన్‌లో రబ్బీ జోసెఫ్ సోలోవేచిక్ దగ్గర తల్ముద్ చదివాడు. తర్వాత ఆయనకే అల్లుడయ్యాడు, 1960లో.

ఎడిసన్_వేణు
పద్మ గారూ, ఆ మామగారి పేరు మా అమ్మాయి నోట కూడా విన్నాను. ఆయన ఎవరు?

పద్మ_లాస్ఏంజిలస్
ఆయన ఇంకా పెద్ద చేయి. బెర్లిన్ యూనివర్సిటీలో తత్త్వశాస్త్రం డాక్టరేట్, 1932లో, హెర్మన్ కోహెన్ అనే జర్మన్ యూదు తత్త్వవేత్త మీద. 1941లో తండ్రి పోయాక ఆయన స్థానంలో యెషీవా యూనివర్సిటీలో తల్ముద్ గురువుగా చేరి 1985 దాకా చెప్పాడు. ఇల్లు బోస్టన్‌లో, ఉద్యోగం న్యూయార్క్‌లో, వారం వారం ప్రయాణం. ఆయన చేతుల మీద రబ్బీలైనవాళ్లు రెండు వేల దాకా ఉంటారంటారు. ఆడపిల్లలకి తల్ముద్ చెప్పకూడదనే పట్టింపు గట్టిగా ఉన్న సమాజంలో 1977లో స్టెర్న్ కాలేజీకి వెళ్లి అమ్మాయిలకి స్వయంగా మొదటి తల్ముద్ పాఠం చెప్పాడు. అల్లుడు కూడా అదే దారి, ఆయన కూతురు ఇప్పుడు మిగ్దాల్ ఓజ్ అని ఆడపిల్లల తల్ముద్ పాఠశాల నడుపుతోంది.

ఆర్మూర్_శ్రీను
అన్నా, అక్కా, నేను చదువుకున్నోణ్ణి కాదు, పదో తరగతి. ఇజ్రాయెల్‌లో ముసలివాళ్లని చూసుకునే పనిలో తొమ్మిదేళ్ల నుంచి ఉన్నా. మా నిజామాబాద్, జగిత్యాల వైపు వాళ్లు ఇక్కడ మస్తుగా ఉంటారు. నేను చూసుకునే తాతకి ఎనభై తొమ్మిది. మీరు చెప్పే లిక్టెన్‌స్టైన్ సార్ యెషీవాలో, అంటే తల్ముద్ చదివే బడి, హర్ ఎత్సియోన్ అంటారు, తాత మనవడు చదివిండు. సెలవులకి ఇంటికి వచ్చినప్పుడు ఇంకో పిలగాణ్ణి తెచ్చుకునేవాడు. ఇద్దరూ సోఫాలో ఎదురెదురుగా కూర్చుని ఒకే పెద్ద పుస్తకం తెరిచి మొదలుపెట్టేవాళ్లు. మొదటిసారి నేను వంటింట్లో ఉన్నా, ఒకటే అరుపులు, బల్ల మీద గుద్దుడు, పైసల పంచాయితీ అనుకుని ఉరికొచ్చినా. తాత కుర్చీలో కూర్చుని నవ్వుతుండు. కొట్లాట కాదు శ్రీను, చదువుతున్నరు అన్నడు. ఎద్దు పోయి పక్కోడి ఆవును పొడిస్తే ఎవరు ఎంత కట్టాలి, దాని మీదనట గంత లొల్లి! ఆ ఇంట్లో ఎద్దు లేదు, ఆవు లేదు, ఆరో అంతస్తు ఫ్లాటు.

బెజవాడ_వకీలు
😂 శ్రీను తమ్ముడూ, లా కాలేజీలో మేం మూడేళ్లు చేసింది కూడా అదే, కాకపోతే ఎద్దు బదులు లారీ. ఇద్దరిద్దరుగా చదవడాన్ని వాళ్లు హవ్రూతా అంటారు. ఎదుటివాడు ఒప్పేసుకుంటే చదువు ఆగిపోయినట్టే లెక్క.

ఇక వేణు గారి రెండో ప్రశ్న. మీ అమ్మాయి క్లాసులో బహుశా ఈపాటికి వచ్చే ఉంటుంది, రాకపోతే వచ్చే వారం వస్తుంది, హమాలీల కేసు. తల్ముద్‌లో బావా మెత్సియా అనే భాగంలో 83వ ఆకు. రబ్బా బర్ బర్ హనన్ అనే పండితుడు ద్రాక్షసారా పీపా మోయడానికి హమాలీలని పెట్టుకున్నాడు, వాళ్లు దాన్ని పగలగొట్టారు. నష్టం కింద వాళ్ల పైబట్టలు లాక్కున్నాడు. వాళ్లు పోయి రవ్ అనే పెద్ద గురువుకి చెప్పుకున్నారు. బట్టలు ఇచ్చెయ్ అన్నాడు రవ్. ఇది చట్టమా అని అడిగాడు యజమాని. అవును, "సజ్జనుల మార్గమందు నడువు" అని ఉంది కదా అన్నాడు, అది సామెతల గ్రంథం రెండో అధ్యాయం. బట్టలు వచ్చాయి. హమాలీలు కదల్లేదు. అయ్యా మేం పేదవాళ్లం, పొద్దుటి నుంచి పని చేశాం, ఆకలి, చేతిలో చిల్లిగవ్వ లేదు అన్నారు. కూలి కూడా ఇచ్చెయ్ అన్నాడు రవ్. ఇది చట్టమా? అవును, ఆ వాక్యంలో మిగతా సగం చదువు, "నీతిమంతుల దారి పట్టుకో" అని.

మొత్తం ఇంతే, నాలుగైదు వరుసలు. కానీ చూడండి, ఆయన రెండుసార్లు "ఇది దీన్ ఆ" అని అడిగాడు. దీన్ అంటే కోర్టు అమలు చేసే చట్టం. సామెతల గ్రంథం నుంచి చట్టం రాదు, అది అందరికీ తెలుసు, అడిగినవాడికీ తెలుసు, చెప్పినవాడికీ తెలుసు. అయినా రవ్ "అవును" అన్నాడు. ఆ "అవును" ఏంటి అన్నదాని మీద వందల ఏళ్లుగా నడుస్తోంది.

ఎడిసన్_వేణు
వకీలు గారూ, మా ఆవిడకి ఇది చదివి వినిపిస్తే ఆవిడ వెంటనే, మరి మనం ఇండియాలో ఉన్నప్పుడు పనమ్మాయి మిక్సీ జార్ పగలగొడితే మీ అమ్మ జీతంలో మూడు వందలు కోయలేదా అంది. పందొమ్మిదేళ్ల నాటి సంగతి. ఆ గొడవ ఇప్పుడు మళ్లీ లేచింది. థాంక్స్ అండి 🙏

కిట్టు_కాకినాడ
ఇది జాలి అంటే ఒప్పుకుంటా. చట్టం అంటే ఒప్పుకోను. పీపా పగలగొట్టినవాడికి బట్టలూ ఇచ్చి కూలీ ఇస్తే రేపటి నుంచి ఎవడు జాగ్రత్తగా మోస్తాడు? సారా వ్యాపారి కూడా మనిషే కదా, అతని నష్టం ఎవరు కడతారు?

పద్మ_లాస్ఏంజిలస్
అదే కదా అసలు మెలిక. లిక్టెన్‌స్టైన్ జవాబు నేను అర్థం చేసుకున్నంతలో ఇది: హలఖా అంటే కేవలం దీన్ అనుకుంటే, అంటే రూలు బుక్కు అనుకుంటే, దాని బయట నీతి కచ్చితంగా ఉంది, లేదంటే సంప్రదాయాన్నే తప్పు చదివినట్టు. కానీ హలఖా అంత చిన్నది కాదు. "లిఫ్నీమ్ మిషూరత్ హదీన్" అని ఒక మాట ఉంది, చట్టం గీతకి లోపలి వైపు అని. మనం "చట్టాన్ని మించి" అంటాం, వాళ్లు "గీతకి లోపల" అంటారు, గీత దాకా వెళ్లే హక్కు ఉన్నా వెళ్లకుండా వెనకే ఆగిపోవడం. ఇదీ హలఖాలో భాగమే, నీ ఇష్టానికి వదిలేసిన దానం కాదు, నీ మీద ఉన్న బాధ్యతే అంటాడు. అయితే రూలులా అందరికీ ఒకే కొలత ఉండదు. మనిషిని బట్టి, సందర్భాన్ని బట్టి మారుతుంది. యజమాని పండితుడు, ఉన్నవాడు. ఎదుటివాళ్లు కూలీలు. అందుకని ఆయన్నుంచి ఎక్కువ అడిగారు. అదే కేసులో యజమాని కూడా పేదవాడైతే రవ్ ఏమనేవాడో మరి.

మధ్యయుగంలో దీని మీద నిజంగానే రెండు పార్టీలు. కోర్టు బలవంతం చేయకూడదని రోష్ అనే పండితుడి లాంటివాళ్లు, స్థోమత ఉన్నవాడైతే చేయించవచ్చని జర్మనీ వైపు పండితులు కొందరు. ఆ వ్యాసంలో ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూపిస్తాడు.

చేబ్రోలు_జాన్
నేను పాస్టర్ గారి అబ్బాయిని, ఇంట్లో బైబిలు కంఠతా వచ్చేలా పెంచారు, అందుకే ఆగలేక రాస్తున్నా. లేవీయకాండం 19లో "పరిశుద్ధులై యుండుడి" అని వస్తుంది కదా, దాని మీద నహ్మానిడీస్ అని 13వ శతాబ్దం స్పెయిన్ రబ్బీ రాసింది ఒకసారి చదివి ఆశ్చర్యపోయాను. ఒక మనిషి నిషిద్ధమైన తిండి తినడు, కానీ అనుమతించిన దాన్నే తిండిపోతులా మెక్కుతాడు, తాగుతాడు, నోరు పారేసుకుంటాడు. ఒక్క ఆజ్ఞా మీరలేదు. వీణ్ణి ఏమనాలి? "తోరా అనుమతితోనే నాబాలు" అన్నాడు. హీబ్రూలో ఆ మాట నావల్, అంటే నీచుడు, బుద్ధిలేనివాడు. మన సమూయేలు గ్రంథంలో అబీగయీలు మొగుడు నాబాలు ఉన్నాడే, దావీదు మనుషులకి రొట్టె ముక్క పెట్టనివాడు, అదే మాట. ఇన్నాళ్లూ అది వట్టి పేరు అనుకున్నా.

అన్నట్టు మా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిమ్ అని తెలుగు మాట్లాడే యూదులు ఉన్నారు, చిన్న సినగోగు (వాళ్ల ప్రార్థన మందిరం) కూడా ఉంది. చాలామందికి తెలియదు. శుక్రవారం పొద్దుగూకాక దీపాలు పెట్టి హీబ్రూ, తెలుగు కలిపి పాడుకుంటారు.

కర్నూలు_డాక్టర్
ఆలస్యంగా చూశాను. నా వైపు నుంచి ఇంకో రబ్బీ ప్రొఫెసర్ గురించి చెబుతాను, ఇదేదో పుస్తకాల గొడవ అనుకునేవాళ్ల కోసం. మోషే డేవిడ్ టెండ్లర్. 1926లో పుట్టి 2021లో పోయాడు. కొలంబియాలో మైక్రోబయాలజీ డాక్టరేట్. యెషీవా యూనివర్సిటీలో దశాబ్దాల పాటు ఒక గదిలో బయాలజీ, ఇంకో గదిలో తల్ముద్ చెప్పాడు, యూదు వైద్య నీతికి అక్కడ ప్రొఫెసర్. ఆ కాలపు అతి పెద్ద తీర్పరి మోషే ఫైన్‌స్టైన్‌కి అల్లుడు కూడా (అల్లుళ్ల హవా బాగానే ఉంది వీళ్లలో). ఆయన జీవితంలో పెద్ద యుద్ధం బ్రెయిన్ డెత్ మీద.

మూలం మళ్లీ తల్ముదే, యోమా 85వ ఆకు. విశ్రాంతి దినాన (శుక్రవారం పొద్దుగూకిన దగ్గర్నుంచి శనివారం పొద్దుగూకే దాకా, పని చేయకూడదు) గోడ కూలి మనిషి దాని కింద చిక్కుకున్నాడు. విశ్రాంతి దినమైనా సరే తవ్వాలి, ప్రాణం ముందు. ఎక్కడి దాకా తవ్వి చూడాలి? ముక్కు దాకా అన్నారు, ఊపిరి ఉందో లేదో తెలుస్తుంది. కాదు, గుండె దాకా అన్నారు ఇంకొందరు. ఇప్పుడు ఆ రెండు ముక్కలూ ఐసీయూలోకి వచ్చి కూర్చున్నాయి. మెదడు కాండం చచ్చిపోయి సొంతంగా ఊపిరి ఇక ఎప్పటికీ రానివాడు, కానీ వెంటిలేటర్ మీద గుండె కొట్టుకుంటున్నవాడు, బతికినట్టా పోయినట్టా? పోయినట్టే, అవయవాలు తీసి ఇంకొకరికి ఇవ్వొచ్చు అన్నాడు టెండ్లర్. గుండె కొట్టుకుంటుంటే పోయినట్టు కాదు, గుండె తీస్తే అది హత్య అన్నాడు డేవిడ్ బ్లైక్, ఆయనా రబ్బీయే, కార్డోజో లా స్కూల్లో ప్రొఫెసర్. ఇద్దరూ ఒకే యూనివర్సిటీ గొడుగు కిందవాళ్లు! కార్డోజో కూడా యెషీవాదే. ఇజ్రాయెల్ ముఖ్య రబ్బీల మండలి 1986లో టెండ్లర్ వైపే మొగ్గింది, 2008లో పార్లమెంటు చట్టం చేసింది.

నేను కర్నూలు పక్కన పని చేసే రోజుల్లో యాక్సిడెంట్ కేసు, ఇరవై రెండేళ్ల అబ్బాయి, రెండుసార్లు పరీక్షలు చేసి బ్రెయిన్ డెత్ ఖాయం చేశాం. జీవన్‌దాన్ గురించి తల్లితో మాట్లాడాల్సింది నేను. ఆవిడ వాడి పాదం పట్టుకుని "ఒళ్లు వెచ్చగానే ఉంది కదయ్యా" అంది. మన దేశంలో 1994 నుంచి చట్టం స్పష్టంగా ఉంది, నా చేతిలో సంతకం పెట్టిన ఫారం ఉంది. ఆవిడకి చెప్పడానికి మాత్రం నా దగ్గర మాట లేదు. చాలా ఏళ్ల తర్వాత ఈ ముక్కు-గుండె గొడవ చదివినప్పుడు, ఆవిడ అడిగిన ప్రశ్ననే వీళ్లు పదిహేను వందల ఏళ్లుగా సీరియస్‌గా అడుగుతున్నారు అనిపించింది.

ఎడిసన్_వేణు
డాక్టర్ గారూ... ఏం రాయాలో తెలియలేదు. అమ్మాయికి పంపాను.

కిట్టు_కాకినాడ
డాక్టర్ గారి పోస్టు తర్వాత జోకు వేయలేను. కానీ నా అసలు డౌట్ అలాగే ఉంది, ఒకే పుస్తకం, ఒకే యూనివర్సిటీ, ఇద్దరు ప్రొఫెసర్లు, రెండు వ్యతిరేక జవాబులు. అయితే ఆ పుస్తకం నిజంగా ఏమైనా చెబుతోందా, లేక ఎవరికి కావాల్సింది వాళ్లు లాక్కుంటున్నారా?

బెజవాడ_వకీలు
సుప్రీంకోర్టు బెంచీలో 3-2 తీర్పు వస్తే రాజ్యాంగం ఏమీ చెప్పట్లేదు అంటావా కిట్టూ?

పద్మ_లాస్ఏంజిలస్
కిట్టు అడిగింది తీసిపారేసేది కాదు. మా ఊరి ఉదాహరణ చెబుతా. ఎలియట్ డార్ఫ్ అని కన్జర్వేటివ్ శాఖ రబ్బీ (పేరు అలా ఉన్నా ఆర్థడాక్స్ అనే సంప్రదాయ శాఖంత కట్టుదిట్టం కాదు), 1971లో కొలంబియాలో నీతితత్త్వంలో పీహెచ్‌డీ అయిన ఏడాదే లాస్ ఏంజిలస్ వచ్చి యూనివర్సిటీ ఆఫ్ జుడాయిజంలో చేరాడు, దాని పేరు తర్వాత అమెరికన్ జూయిష్ యూనివర్సిటీగా మారింది. యూసీఎల్‌ఏ లా స్కూల్లో ఆర్థర్ రోసెట్ అనే లా ప్రొఫెసర్‌తో కలిసి యూదు న్యాయశాస్త్రం చెప్పాడు, ఆ క్లాసు నుంచే ఇద్దరూ కలిసి పాఠ్యపుస్తకం తెచ్చారు. వాళ్ల శాఖకి చట్టం కమిటీ ఒకటి ఉంది, 25 ఓట్లు. 2006 డిసెంబర్‌లో స్వలింగ సంపర్కుల విషయం ఓటింగ్‌కి వచ్చింది. డార్ఫ్, ఇంకో ఇద్దరు రాసిన తీర్పు తలుపు తెరిచింది, మనిషి గౌరవం అనే సూత్రం పట్టుకుని. దానికి 13 ఓట్లు. పాత నిషేధం అలాగే ఉండాలని జోయెల్ రోత్ రాసిన తీర్పు. దానికీ 13 ఓట్లు! లెక్క వేసుకోండి, ఎవరో ఒకరు రెండింటికీ ఓటేశారు. రెండూ చెల్లుబాటు తీర్పులే, ఏది పాటించాలో ఆయా ఊరి రబ్బీ ఇష్టం. రోత్ కమిటీకి రాజీనామా ఇచ్చాడు. లిక్టెన్‌స్టైన్ లాంటి ఆర్థడాక్స్ వాళ్లకి ఈ పద్ధతే గిట్టదు, ఓట్లతో తేల్చడమేంటి అంటారు. నాకు మాత్రం ఆ రెండు చోట్లా ఓటేసిన మనిషి మీదే ఇంట్రెస్ట్. పిరికితనమో, లేక ఇద్దరి మాటా నిజంగా నిలబడుతుంది అని తేల్చుకున్నాడో.

రాయలసీమ_రవి
అందరూ తెగ పొగుడుతున్నారు, ఆ హర్ ఎత్సియోన్ ఉన్న అలోన్ ష్వుత్ వెస్ట్ బ్యాంక్‌లో, 1967 నుంచి ఇజ్రాయెల్ ఆక్రమణలో ఉన్న నేల మీద, కట్టిన సెటిల్‌మెంట్ అని ఎవరూ రాయరేం? అక్కడ కూర్చుని నీతి పాఠమా?

పద్మ_లాస్ఏంజిలస్
రవి గారూ, నిజమే, సెటిల్‌మెంటే. 1971లో ఆయన అమెరికా వదిలి వెళ్లింది అక్కడికే, యెహూదా అమితాల్ పిలిస్తే. అమితాల్ హోలోకాస్ట్ నుంచి బయటపడ్డ మనిషి, ఆ యెషీవా పెట్టింది ఆయనే. నువ్వే ప్రధాన గురువుగా ఉండు, నేను తప్పుకుంటా అన్నాడట, ఇద్దరం సమానంగా ఉంటేనే వస్తా అన్నాడట ఈయన. అలాగే కలిసి నడిపారు. 1982లో లెబనాన్‌లోని సబ్రా, షతీలా పాలస్తీనా శరణార్థి శిబిరాల్లో ఊచకోత జరిగినప్పుడు ఇజ్రాయెల్ పాత్ర మీద విచారణ కమిషన్ వేయాలని ఈ ఇద్దరూ గొంతెత్తారు, సొంత పక్షం వాళ్లకి కోపం వస్తుందని తెలిసి కూడా. మీ ప్రశ్నకి ఇది పూర్తి జవాబు కాదు. ఉన్న సంగతి చెప్పాను.

నిర్వాహకుడు
ఇజ్రాయెల్-పాలస్తీనా రాజకీయాలకి వేరే దారం ఉంది, దయచేసి అక్కడ. రవి గారి ప్రశ్న, పద్మ గారి జవాబు ఉంచుతున్నాను, దాని కింద వచ్చిన పదకొండు పోస్టులు తీసేశాను.

ఆర్మూర్_శ్రీను
అమితాల్ సార్ చెప్పే కథ ఒకటి తాత మనవడు నాకు చెప్పిండు. పాతకాలం పెద్ద గురువు లోపలి గదిలో చదువుతుండట, నడిమి గదిలో మనవడు చదువుతుండు, ఇంకో గదిలో ఉయ్యాలలో పసిపోరడు ఏడుస్తుండు. లోపల ఉన్న ముసలాయనకి వినపడ్డది, పుస్తకం మూసి లేచొచ్చి పిల్లోణ్ణి జోకొట్టిండు. నడిమి గదిలో ఉన్నోనికి అసలు వినపడనే లేదు. చదువులో పడి ఏడుపు వినపడకపోతే ఆ చదువులో ఏదో తేడా ఉన్నట్టే అన్నడట. ఆ యెషీవాలో చేరినోళ్లందరికీ ఈ కథ ఎరుకేనట.

ఇంకోటి, డాక్టర్ సార్ విశ్రాంతి దినం సంగతి చెప్పిండు గనక. ఇక్కడ శుక్రవారం పొద్దుగూకితే తాత లైటు స్విచ్ ముట్టడు. వంట ముందే చేసి వేడి పలక మీద పెడతం, లైట్లకి టైమర్, ఆఖరికి టాయిలెట్ పేపర్ కూడా ముందే చింపి పెట్టుకోవాలె. ఫోన్ అయితే అస్సలు లేదు. రెండేళ్ల కింద శుక్రవారం రాత్రి తాత బాత్రూంలో పడ్డడు, తల పగిలి రక్తం. ఎదురింటాయన నిష్ఠలో తాతకన్నా గట్టి, నల్లకోటు మనిషి, అరుపు విని ఉరికొచ్చిండు. నేను యూదుణ్ణి కాదు గదా, నేను చేస్తే వీళ్లకి పాపం ఉండదని ఫోన్ తీసినా. ఆయన నా చేతిలకెళ్లి గుంజుకుని 101 తనే కొట్టిండు. అంబులెన్స్ పోయినంక నాకు చానా ఆశ్చర్యం. ఆదివారం అడిగితే చెప్పిండు, ఇసొంటప్పుడు పరాయోడితోని, చిన్న పిల్లలతోని చేయించొద్దు, పెద్ద పండితుడే ముందు పడి చేయాలని మైమోనిడీస్ అని పాతకాలం పెద్ద పండితుడు రాసిండట. ఎందుకంటే చూసేటోళ్లు ఇదేదో తప్పు పని, తప్పించుకుంటున్నరు అనుకోవద్దని.

బెజవాడ_వకీలు
శ్రీనూ, నువ్వు చెప్పింది మా బార్ రూమ్‌లో చదివి వినిపిస్తా. అమెరికా లా స్కూళ్లలో ఈ సబ్జెక్టు ఎందుకు పెడతారో దీంతోనే తెలుస్తుంది. అక్కడి సాధారణ చట్టం ప్రకారం కళ్ల ముందు ముక్కూమొహం తెలియనివాడు మునిగిపోతుంటే చూస్తూ నిలబడినా నేరం కాదు, వెర్మాంట్ లాంటి ఒకటీ అరా రాష్ట్రాలు తప్ప. లేవీయకాండం మాత్రం పొరుగువాడి రక్తం మీద నిలబడకు అంటుంది, అంటే వాడి ప్రాణం పోతుంటే ఊరికే చూస్తూ ఉండకు అని. ఇజ్రాయెల్ 1998లో సరిగ్గా ఆ వాక్యాన్నే పేరుగా పెట్టి చట్టం చేసింది. మన దగ్గర మధ్యస్థం: 2019 సవరణలో మోటారు వాహనాల చట్టంలో 134ఎ పెట్టారు, సాయం చేసినవాణ్ణి పోలీసులు, కోర్టులు వేధించకుండా. సాయం చేసి తీరాలి అని దారిన పోయేవాడి మీద మాత్రం పెట్టలేదు. హక్కుల భాష మాత్రమే చదువుకున్న పిల్లలకి బాధ్యతల భాష వినిపించడానికి రబ్బీ ప్రొఫెసర్ పనికొస్తాడు. టాక్సేషన్ వచ్చే సెమిస్టర్ తీసుకోవచ్చు వేణు గారూ.

కిట్టు_కాకినాడ
సరే, సగం ఓటు వెనక్కి తీసుకుంటున్నా. సగమే. రెండు చోట్లా ఓటేసిన ఆయనలాగా 😀

ఎడిసన్_వేణు
అప్‌డేట్. అమ్మాయికి మధ్యంతర పరీక్షలో ప్రశ్న వచ్చింది, హమాలీల కేసులో యజమాని చనిపోయి, అతని మైనర్ పిల్లల ఆస్తి నుంచి కూలి ఇవ్వాల్సి వస్తే రవ్ ఏమనాలి అని. గీతకి లోపల ఆగడం ఎవరి సొత్తుతో వాళ్లు చేయాలి, పిల్లల సొత్తుతో వాళ్ల తరఫు పెద్దమనిషి దాతృత్వం చూపించడానికి లేదు అని రాసిందట. మా ఆవిడ వెంటనే, అంటే హమాలీలు ఆకలితో ఇంటికి పోవాల్సిందేనా అంది. ఇప్పుడు తల్లీ కూతుళ్లకి మాటల్లేవు. వకీలు గారూ మీరేమంటారు? శ్రీను తమ్ముడూ, వీలైతే మీ తాతని కూడా అడుగు.

బెజవాడ_వకీలు
అమ్మాయి రాసింది లా ప్రకారం కరెక్టు. ఆవిడ అడిగిన దానికి నా దగ్గర జవాబు లేదు. సొంత జేబులోంచి ఇవ్వొచ్చు కదా ఆ పెద్దమనిషి?

ఆర్మూర్_శ్రీను
అడుగుత అన్నా. కానీ ఇయ్యాల శుక్రవారం, ఇంకో ముప్పావుగంటలో దీపాలు పెడతరు. నాకు ఫోన్ ముట్టొద్దని ఏం లేదు గానీ తాత ముందు తీయబుద్ధి కాదు. రేపు పొద్దుగూకినంక అడిగి రాస్త. పలక మీద పులుసు పెట్టాలె, పోతున్న.